మధ్యయుగ క్రైస్తవ చింతనలో విశ్వాసానికీ హేతువుకూ నిజంగానే పడేది కాదా?

కొల్లేటి_గాలి
నెల రోజులుగా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. మా సంఘంలో ఆదివారం సాయంత్రం జరిగే బైబిలు పఠనంలో, లోకానికి ఒక ఆరంభం ఉందని మనకు ఎలా తెలుస్తుందని అడిగాను. ఆ పఠనం నడిపే పెద్దాయన, విశ్వాసంలో ప్రశ్నకు చోటు లేదనీ, "ముందు నమ్ము, అప్పుడే అర్థమవుతుంది" అని నాలుగు, అయిదు శతాబ్దాల నాటి బిషప్ అగస్టీన్ అంతటివాడే చెప్పాడనీ అన్నారు. అదే వారంలో మా కళాశాలలో చరిత్ర చెప్పే అధ్యాపకుడు, ఐరోపాలో వెయ్యేళ్ల పాటు హేతువు సంకెళ్లలో ఉందనీ, "అసంబద్ధం కనుకనే నమ్ముతున్నాను" అన్నది ఆ కాలపు నినాదమనీ చెప్పారు. ఒకరు మెచ్చుకుంటూ చెప్పారు, మరొకరు తెగుడుతూ చెప్పారు, కానీ ఇద్దరూ చెప్పింది ఒకటే. ఆ కాలంలో నిజంగా ఎవరూ ఆలోచించి నమ్మలేదా? ఇంకొక సందేహం కూడా ఉంది. అగస్టీన్ మాటకు ఆధారం యెషయా 7:9 అని చదివి మన తెలుగు బైబిలు తెరిస్తే, అక్కడ "అర్థం చేసుకోవడం" అన్న ఊసే కనిపించలేదు.

పాతపుస్తకాల_సంత
ముందు ఆ నినాదం సంగతి తేల్చుకుందాం. "అసంబద్ధం కనుకనే నమ్ముతున్నాను" అన్న వాక్యం ఆ రూపంలో ఎవరి గ్రంథంలోనూ లేదు. దానికి మూలమని చెప్పే తెర్తుల్లియన్ మధ్యయుగం వాడు కాడు, క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజ్‌లో ఉన్నవాడు. క్రీస్తు శరీరం నిజమైన శరీరం కాదని వాదించేవారికి జవాబిస్తూ, దేవుని కుమారుడు మరణించాడన్నది విడ్డూరంగా ఉంది కనుకనే నమ్మదగినదని, పాతిపెట్టబడినవాడు లేచాడన్నది అసాధ్యం కనుకనే నిశ్చయమని ఆయన రాశాడు. అది వాదప్రతివాదాల వేడిలో వచ్చిన మాట. ఏథెన్సుకూ యెరూషలేముకూ, అంటే గ్రీకు తత్త్వశాస్త్రానికీ క్రైస్తవ విశ్వాసానికీ, ఏమిటి సంబంధమని గద్దించి అడిగింది కూడా ఆయనే. అయితే ఆయన తరువాత వెయ్యేళ్ల పాటు అందరూ ఆయన దారినే నడిచారనడం మాత్రం చరిత్ర కాదు.

రెండో_పాఠం
యెషయా వచనం గురించి మీకు కలిగిన సందేహం చాలా సరైనది. మన తెలుగు అనువాదం హీబ్రూను అనుసరించింది కాబట్టి, నమ్మకపోతే స్థిరపడరు అన్న భావమే అందులో ఉంటుంది. అగస్టీన్ చదివిన పాత లాటిన్ పాఠం గ్రీకు అనువాదం మీదుగా వచ్చింది; అందులో "మీరు నమ్మకపోతే గ్రహించరు" అని ఉంది. జెరోమ్ హీబ్రూ నుంచి చేసిన లాటిన్ అనువాదంలో మళ్లీ "నిలవరు" అనే ఉంది.

ఇందులో ముచ్చటైన విషయమేమిటంటే, ఈ రెండు పాఠాలూ ఉన్నాయని అగస్టీన్‌కు తెలుసు. లేఖనాలను ఎలా చదవాలో చెప్పిన గ్రంథంలో ఆయన ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, రెండూ ఉపయోగపడేవేనన్నాడు. ఊయలలోని పసిపిల్లలను పాలతో పెంచినట్లు విశ్వాసం మనల్ని పెంచుతుందని, ఎదిగాక దొరికేది దర్శనమని అక్కడే వివరించాడు. పాలు తాగే బిడ్డను ఎప్పటికీ ఊయలలోనే ఉంచాలని ఎవరూ కోరుకోరు కదా.

మీ పెద్దాయన చెప్పినది కూడా సగం వాక్యమే. అగస్టీన్ 43వ ప్రసంగంలో రెండు వైపులా చెప్పాడు: నా మాటను నమ్మడానికి అర్థం చేసుకో, దేవుని మాటను అర్థం చేసుకోవడానికి నమ్ము. మొదటి సగాన్ని వదిలేసి రెండో సగాన్ని మాత్రమే అప్పజెప్పడం మన సంఘాల్లో చాలాచోట్ల జరుగుతోంది, నేనూ అలాంటి పఠనాల్లోనే పెరిగాను.

నిప్పులాంటి_నిజం
నేను హేతువాద సంఘంలో పనిచేసినవాణ్ని, నా అభిప్రాయం సూటిగా చెబుతాను. "అర్థం చేసుకోవడానికి నమ్ము" అన్నప్పుడు తీర్పు ముందే రాసి ఉంటుంది, విచారణ తరువాత జరుగుతుంది. ఏ ముగింపుకు చేరాలో ముందే ఖాయమైన ప్రయాణాన్ని హేతువు అనడం నాకు సమ్మతం కాదు. 1121లో ఫ్రాన్సులోని సొయిసోన్స్‌లో జరిగిన సంఘ సభలో తర్కపండితుడు అబెలార్ చేత ఆయన పుస్తకాన్ని ఆయన చేతులతోనే మంటల్లో వేయించారు. 1277లో పారిస్ బిషప్ 219 ప్రతిపాదనలను నిషేధించాడు. ఈ రెండింటినీ పక్కన పెట్టి ఆ యుగాన్ని పొగడటం న్యాయం కాదు.

నీలి_సిరా
ఆ రెండింటినీ పక్కన పెట్టనక్కరలేదు, వాటి దగ్గరికి కూడా వద్దాం. కానీ ముందు పదకొండో శతాబ్దపు సన్యాసి ఆన్సెల్మ్‌ను చూడకుండా "తీర్పు ముందే రాసి ఉంది" అనడం తొందరపాటు అవుతుంది.

ఆన్సెల్మ్ నార్మండీలోని బెక్ మఠంలో ఉన్నాడు. అక్కడి సన్యాసులు ఆయనను ఒక విచిత్రమైన కోరిక కోరారు: దేవుని గురించి రాయండి, కానీ ఏ విషయాన్నీ లేఖనం చెప్పింది కనుక నిజమని రాయవద్దు, తర్కం బలం మీదనే నిలబెట్టండి అని. రోజంతా కీర్తనలు పాడుకునే మనుషులు అడిగిన కోరిక ఇది. దానికి జవాబుగా 1076 ప్రాంతంలో మోనోలోగియోన్ రాశాడు. అందులో వాదాలు ఒకదానికొకటి గొలుసుకట్టుగా ఉన్నాయని ఆయనకే తృప్తి కలగలేదు. మరే ఆధారమూ అక్కరలేని ఒకే ఒక్క వాదం దొరుకుతుందా అని వెతకసాగాడు. ఆయన శిష్యుడు ఈడ్మర్ రాసిన జీవితచరిత్ర ప్రకారం, ఆ వెతుకులాటలో తిండీ నిద్రా పోయాయి, ప్రార్థన మీద మనసు నిలవలేదు. ఇది సైతాను పెడుతున్న శోధన కాబోలని ఆ ఆలోచనను తరిమేయాలని కూడా చూశాడు. చివరికి ఒక రాత్రి ప్రార్థన మధ్యలో అది తట్టింది.

వెంటనే మైనపు పలకల మీద రాసి, భద్రపరచమని ఒక సోదరుడికి ఇచ్చాడు. కొన్ని రోజుల తరువాత అడిగితే ఆ పలకలు కనిపించలేదు. మళ్లీ రాసి ఇంకొకరికి అప్పగించాడు. ఆ సోదరుడు వాటిని తన పడక లోపల దాచాడు. మర్నాడు చూస్తే పలకలు నేల మీద పడి ఉన్నాయి, మైనం ముక్కలు ముక్కలై చెల్లాచెదురైంది. ఆ ముక్కలను ఏరి, ఒకదాని పక్కన ఒకటి అతికించి, అక్షరాలను అతి కష్టం మీద కూడదీసుకుని, ఇక ఈసారి తోలు మీద రాయించాడు. అదే ప్రొస్లోగియోన్. దానికి ఆయన మొదట పెట్టుకున్న పేరు "అవగాహనను వెతికే విశ్వాసం". తీర్పు ముందే జేబులో ఉన్న మనిషి ఒక వాదం కోసం ఇంతగా తపిస్తాడా?

లెక్కల_పలక
ఆ వాదం ఏమిటో కూడా చెబితే బాగుంటుంది. కీర్తన 14లో "దేవుడు లేడని బుద్ధిహీనులు తమ హృదయములో అనుకొందురు" అన్న మాట మనందరికీ తెలుసు. ఆన్సెల్మ్ ఆ బుద్ధిహీనుడితోనే మాట్లాడతాడు. దేవుడంటే "అంతకన్నా గొప్పదానిని ఊహించలేనిది" అని చెబితే ఆ బుద్ధిహీనుడికి మాట అర్థమవుతుంది, కనుక అది అతని బుద్ధిలో ఉంది. బుద్ధిలో మాత్రమే ఉంటే, వాస్తవంలో కూడా ఉన్న దానిని అంతకన్నా గొప్పదిగా ఊహించవచ్చు. అప్పుడు అది "అంతకన్నా గొప్పది ఊహించలేనిది" కాకుండా పోతుంది. కాబట్టి అది వాస్తవంలోనూ ఉండి తీరాలి. బడిలో మేము వైరుధ్యం చూపి నిరూపించే పద్ధతి ఇదే.

దీనికి వచ్చిన మొదటి ఎదురుదెబ్బ నాస్తికుడి నుంచి కాదు, మార్మూతియే మఠంలోని గౌనిలో అనే సన్యాసి నుంచి. ఆయన "బుద్ధిహీనుడి పక్షాన" అని జవాబు రాశాడు: అన్ని దీవులకన్నా శ్రేష్ఠమైన ఒక దీవిని ఊహించండి, ఊహకు అందింది కనుక అది సముద్రంలో ఉండి తీరాలంటారా అని అడిగాడు. ఆన్సెల్మ్ తన వాదం అన్నిటికన్నా గొప్పగా ఊహించదగిన ఆ ఒక్కదానికే చెల్లుతుందని జవాబిచ్చాడు. అంతటితో ఆగకుండా, తన పుస్తకం ప్రతులు రాసేటప్పుడు గౌనిలో ఆక్షేపణనూ తన సమాధానాన్నీ దానితో కలిపే రాయమని కోరాడు. నాకు ఆ వాదం కన్నా ఈ పని ఎక్కువ నచ్చింది.

నిప్పులాంటి_నిజం
గౌనిలో చెప్పిందే సరైనదని నా అభిప్రాయం.

లెక్కల_పలక
పదమూడో శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్ కూడా ఆన్సెల్మ్ వాదాన్ని ఒప్పుకోలేదు. మాట అర్థమైనంత మాత్రాన వస్తువు ఉన్నట్టు కాదని తన మహాగ్రంథం "సుమ్మా" రెండో ప్రశ్నలోనే తోసిపుచ్చాడు.

కొల్లేటి_గాలి
ఒక పునీతుడు ఇంకొక పునీతుడు చేసిన నిరూపణ చెల్లదంటాడని నాకు ఎవరూ చెప్పలేదు. ముగింపు ఇద్దరికీ ఒకటే అయినా, దారి తప్పయితే తప్పేనని అనగలిగారన్నమాట. నిప్పులాంటి_నిజం గారి అభ్యంతరానికి ఇది కొంతవరకు జవాబు కాదా?

పాతపుస్తకాల_సంత
అబెలార్ విషయంలో నిప్పులాంటి_నిజం గారు చెప్పింది అక్షరాలా నిజం, దానిని తగ్గించి చెప్పకూడదు. అయితే ఆయన ఏం చేశాడో కూడా తెలియాలి. "అవును, కాదు" అన్న పుస్తకంలో 158 ప్రశ్నలు తీసుకుని, ఒక్కొక్క దానికి తొలి క్రైస్తవ గురువులైన సంఘ పితరుల నుంచి అవునన్న వాక్యాలనూ కాదన్న వాక్యాలనూ ఎదురెదురుగా పేర్చాడు. సమాధానం మాత్రం రాయలేదు. సందేహం వల్ల విచారణకు వస్తాం, విచారణ వల్ల సత్యాన్ని గ్రహిస్తామని ముందుమాటలో రాశాడు. ఏ మాటను ఎవరు ఏ అర్థంలో వాడారో, రాతప్రతిలో తప్పు దొర్లిందేమో, రాసినవారే తరువాత మనసు మార్చుకున్నారేమో చూడమని పద్ధతి కూడా నేర్పాడు.

క్లెర్వో మఠాధిపతి బెర్నార్డ్‌కు ఇది దేవుని మర్మాలను సంతలో పెట్టడంలా కనిపించింది. సెన్స్ సభలో మళ్లీ నిందలు మోపించాడు. రోమ్ నుంచి కూడా శిక్ష ఖరారైంది. అప్పుడు ముసలివాడైన అబెలార్‌ను తన మఠంలో ఉంచుకున్నవాడు క్లూనీ మఠాధిపతి పీటర్. బెర్నార్డ్‌తో రాజీ కుదిర్చింది కూడా ఆయనే. అబెలార్ 1142లో మరణించాడు. పౌలుకు ఎదురు తిరిగి తత్త్వవేత్తను కావాలని లేదని, క్రీస్తుకు దూరమై అరిస్టాటిల్‌ను కావాలని లేదని ఆయన తన భార్య, అప్పటికి సన్యాసిని అయిన ఎలోయీజ్‌కు రాసిన మాట చదివితే, పుస్తకాన్ని కాల్చిన పక్షానిదీ, కాలిన పుస్తకానిదీ ఒకే విశ్వాసమని తెలుస్తుంది. ఆ మంటను అది చల్లార్చదు, నిజమే.

రాత్రి_రైలు
అరిస్టాటిల్ వచ్చాక అసలు కథ మొదలైంది. అప్పటిదాకా లాటిన్ ఐరోపాకు ఆయన తర్కగ్రంథాలు మాత్రమే తెలుసు, అవీ ఆరో శతాబ్దపు బొయేతియస్ అనువాదాల పుణ్యం. పన్నెండో శతాబ్దంలో తొలేదోలో గెరార్డ్ వంటివారు అరబీ నుంచి అనువాదాలు చేశారు. ముస్లిం తత్త్వవేత్తలు ఇబ్న్ సీనా, ఇబ్న్ రుష్ద్ రచనలు ఆ శతాబ్దంలోనూ తరువాతి శతాబ్దం తొలి దశాబ్దాల్లోనూ లాటిన్‌లోకి దిగాయి. యూదుడైన మైమోనిదెస్‌ను కూడా పారిస్ పండితులు శ్రద్ధగా చదివారు. 1210లో పారిస్‌లో అరిస్టాటిల్ ప్రకృతి గ్రంథాలను బోధించకూడదని నిషేధించారు. 1215లో ఆ నిషేధాన్నే మళ్లీ చెప్పారు. 1255 వచ్చేసరికి అదే పారిస్‌లో ఆ గ్రంథాలను పాఠ్యప్రణాళికలో పెట్టారు. నలభై అయిదేళ్లలో నిషిద్ధ గ్రంథం పాఠ్యగ్రంథమైంది.

రెండో_పాఠం
కొల్లేటి_గాలి గారు మొదట అడిగిన ప్రశ్న, లోకానికి ఆరంభం ఉందని ఎలా తెలుస్తుందన్నది, పారిస్‌లో 1260, 70 దశకాల్లో అందరినీ కుదిపేసిన ప్రశ్నే. అరిస్టాటిల్ లోకం ఎప్పుడూ ఉన్నదేనన్నాడు. ఆదికాండం ఆరంభం ఉందంటుంది. ఇప్పుడేం చేయాలి?

థామస్ సమకాలికుడైన వేదాంతి బొనవెంచర్ లోకానికి ఆరంభం ఉందని తర్కంతోనే నిరూపించవచ్చన్నాడు. ఆరంభం లేకపోతే ఈ రోజుకు ముందు అనంతమైన రోజులు గడిచి ఉండాలి, అనంతాన్ని దాటడం సాధ్యం కాదు, కాబట్టి ఈ రోజు వచ్చేదే కాదన్నది ఆయన వాదం. థామస్ దీనిని ఒప్పుకోలేదు. దాటడం అంటే ఒక కొస నుంచి ఇంకొక కొసకు రావడం. గతంలో ఏ రోజును చూపించినా దాని నుంచి ఈ రోజుకు లెక్కకు అందే రోజులే ఉంటాయి అన్నాడు. లోకానికి ఆరంభం ఉందన్నది విశ్వాసం వల్ల మాత్రమే తెలిసేది, దానిని నిరూపించలేం, అలాగే లేదని కూడా నిరూపించలేం అని తేల్చాడు. ఆ చోటే ఒక హెచ్చరిక చేశాడు: చాలని వాదాలను పట్టుకుని విశ్వాస విషయాలను నిరూపిస్తున్నామని బయల్దేరితే, ఇలాంటి కారణాలతోనా వీళ్లు నమ్ముతున్నది అని అవిశ్వాసులు నవ్వడానికి అవకాశం ఇచ్చినవాళ్లమవుతాం అని.

నేను ఈ భాగం మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. తాను మనసారా నమ్మిన దానికి అనుకూలంగా వచ్చిన వాదం బలహీనమైనదని ఒప్పుకోవడం ఎంత కష్టమో, సంఘంలో సాక్ష్యాలు విని పెరిగిన మనకు తెలుసు.

లెక్కల_పలక
థామస్ ఇచ్చిన జవాబును రుణ పూర్ణాంకాలతో చూపించవచ్చు. సంఖ్యారేఖ మీద సున్నాకు ఎడమవైపు అంతం లేదు, కానీ మీరు ఏ రుణ సంఖ్యను వేలుపెట్టి చూపించినా దాని నుంచి సున్నాకు లెక్కపెట్టగలిగినన్ని అడుగులే ఉంటాయి. బొనవెంచర్ మాత్రం "ఏదో ఒక సంఖ్య నుంచి కాదు, మొత్తం ఎలా గడిచింది చెప్పు" అని అడుగుతున్నాడు. ఆ ప్రశ్నకు బలం లేదనలేను. నా విద్యార్థులు రెండు పక్షాలుగా చీలిపోయి వాదించుకుంటారు.

నిప్పులాంటి_నిజం
థామస్ నిజాయతీని నేను కాదనను. అయితే ఆయన మరణించిన మూడేళ్లకు సరిగ్గా అదే తేదీన, 1277 మార్చి 7న, బిషప్ తాంపియే ఇచ్చిన ఉత్తర్వులోని కొన్ని ప్రతిపాదనలు ఆయన అభిప్రాయాలకు కూడా దగ్గరగా ఉన్నాయి. థామస్‌కు వర్తించినంత మేరకు దానిని 1325లో, అంటే ఆయనను పునీతుడిగా ప్రకటించిన రెండేళ్లకు రద్దు చేశారు. ఇంకొక మాట. సంఘం పదే పదే దిద్దినా మొండికేసిన మతభేదిని లౌకికాధికారుల చేతికి మరణశిక్షకు అప్పగించవచ్చని సుమ్మాలో రాసింది ఈ థామసే. దొంగ నాణేలు చేసేవాడికి మరణశిక్ష వేస్తున్నప్పుడు ఆత్మను చెరిపేవాడికి వేయడం తప్పు కాదన్నాడు. ఇక్కడ ఆయన హేతువు ఎక్కడికి పోయింది?

రెండో_పాఠం
ఎక్కడికీ పోలేదు, తప్పు పని చేసింది. దానికి నేను సాకు చెప్పను. ఆ పుటలను చదివిన ప్రతిసారీ నాకు సిగ్గేస్తుంది. విశ్వాసం గురించి అంత జాగ్రత్తగా గీతలు గీసినవాడు మనిషి ప్రాణం దగ్గర ఆ జాగ్రత్త చూపలేదు.

నీలి_సిరా
1277 గురించి ఒక సవరణ. "తత్త్వశాస్త్రం ప్రకారం నిజం, విశ్వాసం ప్రకారం కాదు, రెండు విరుద్ధ సత్యాలున్నట్టు" చెబుతున్నారని ఆ ఉత్తర్వు కళాశాఖ బోధకులను నిందించింది. బ్రబాంత్ సీగర్, డేసియా బొయేతియస్ (పైన చెప్పిన అనువాదకుడు కాదు, వేరొకడు) అనే పారిస్ బోధకుల మీదనే దాని గురి అని చెబుతారు. కానీ బొయేతియస్ రాసినది చూస్తే అందులో రెండు సత్యాలు లేవు. ప్రకృతిని పరిశీలించేవాడు ప్రకృతి కారణాల నుంచే మాట్లాడాలి, ఆ కారణాల మేరకు కొత్త ఆరంభం సాధ్యం కాదంటాడు. దేవుని సంకల్పాన్ని లెక్కలోకి తీసుకుంటే ఆరంభం ఉందన్నదే సత్యం అన్నాడు. ఒక శాస్త్రం తన హద్దుల్లో ఉండి మాట్లాడటమే ఇది.

వాక్యార్థం
నేను సంస్కృతం చెప్పేవాణ్ని. సుమ్మా వ్యాసాల నడక చూడగానే మన శాస్త్రాల పూర్వపక్షం గుర్తొచ్చింది. ఎదుటివాడి వాదం ముందు, అదీ బలంగా, తరువాత ఒక ప్రమాణం, ఆపైన తన సిద్ధాంతం, చివర ఒక్కొక్క ఆక్షేపణకు సమాధానం. దేవుడు ఉన్నాడా అన్న వ్యాసంలో మొదటి ఆక్షేపణ లోకంలో చెడు ఉందన్నది, రెండోది దేవుడు లేకుండానే ప్రకృతితో అన్నీ వివరించవచ్చన్నది. ఈ రెండింటినీ ఇంత సూటిగా చెప్పినవారిని నేను తక్కువ చూశాను. న్యాయశాస్త్ర పండితుడు ఉదయనాచార్యులు ఈశ్వరుణ్ని తర్కంతో స్థాపించింది కూడా ఆన్సెల్మ్‌కు ముందే. ఒకరిని చూసి ఒకరు రాశారనడం లేదు. వాదసభలు ఉన్నచోట ఇలాంటి రాత పుడుతుందని మాత్రం అంటాను.

గోదారి_పంతులమ్మ
అందరూ చెప్పింది శ్రద్ధగా చదివాను. చిక్కు సగం మన మాటల్లోనే ఉందని నాకు అనిపిస్తోంది. తెలుగులో "హేతువాది" అనగానే నాస్తికుడని అర్థం వచ్చేసింది, కాబట్టి హేతువు విశ్వాసానికి శత్రువన్న సంగతి ప్రశ్న అడగకముందే తేలిపోయినట్టుంది. కానీ మన తెలుగు బైబిలులోనే, 1 పేతురు 3:15లో, మీలో ఉన్న నిరీక్షణను గూర్చి "హేతువు అడుగు" ప్రతివానికి సాత్వికంతో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని ఉంది. హెబ్రీ 11:1 విశ్వాసాన్ని అదృశ్యమైనవి ఉన్నాయనడానికి "రుజువు" అంటుంది. లాటిన్‌లో అక్కడ ఉన్న మాటకు వాదం అన్న అర్థం ఉంది. థామస్ ఆ మాటను పట్టుకునే విశ్వాసం అంటే ఏమిటో విడమరిచాడు. బుద్ధి అంగీకరించేలా ఎదుట కనబడే సాక్ష్యం చాలనప్పుడు, సంకల్పం కదిలించగా బుద్ధి గట్టిగా ఒప్పుకోవడమే విశ్వాసం అన్నాడు. చూసి తెలుసుకున్న దానిని అదే మనిషి అదే సమయంలో నమ్మడం కుదరదని కూడా అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఆదివారపు బడి నడుపుతున్న నాకు, పిల్లలకు ఆ తేడా చెప్పడం కన్నా ముఖ్యమైన పాఠం లేదు.

నిప్పులాంటి_నిజం
"హేతువు అడుగు" అన్న మాట బైబిలులో ఉందని నాకు తెలియదు. పంతులమ్మ గారికి ధన్యవాదాలు. అయినా నా మూల అభ్యంతరం అలాగే ఉంది. త్రిత్వాన్ని హేతువుతో నిరూపించలేమని థామస్ ఒప్పుకున్నాడు, దానికి వ్యతిరేకంగా తెచ్చే వాదాలను మాత్రం హేతువుతో విప్పవచ్చన్నాడు. అంటే అక్కడ హేతువు కాపలా కాయవచ్చు, తలుపు మూసే అధికారం మాత్రం దానికి లేదు.

రెండో_పాఠం
ఆ వర్ణన సరైనదేనని ఒప్పుకుంటాను. సత్యం సత్యానికి విరుద్ధం కాదన్నది ఆయనకు పునాది. ఆ పునాదిని మీరు ఒప్పుకోరు. మన మధ్య తేడా అక్కడే ఉంది.

రాత్రి_రైలు
తరువాతి తరం ఆ కాపలా పనిని కూడా తగ్గించింది. పద్నాలుగో శతాబ్దపు ఆంగ్ల తార్కికుడు ఒకామ్ విలియం అయితే, దేవుడు ఒక్కడే అన్నది కూడా హేతువుతో నిరూపించలేమనీ, విశ్వాసం వల్లనే తెలుస్తుందనీ అన్నాడు. అది విశ్వాసం తగ్గి అన్న మాట కాదు.

కొల్లేటి_గాలి
ఒక్క చివరి సందేహం. థామస్ 1273 డిసెంబరులో రాయడం మానేసి, తాను రాసినదంతా గడ్డిపరకల్లా కనిపిస్తోందన్నాడని చదివాను. అంటే హేతువు ఓడిపోయిందని ఆయనే ఒప్పుకున్నట్టా?

నీలి_సిరా
ఆ రోజు పునీత నికోలస్ పండుగ. ఉదయం పూజ చేస్తున్నప్పుడు ఏదో జరిగింది. తరువాత కలం పట్టలేదు. రాయమని సహచరుడు రెజినాల్డ్ పదే పదే బతిమాలితే, నాకు కనబడిన దానితో పోలిస్తే రాసినదంతా గడ్డిపరక అన్నాడు. "పోలిస్తే" అన్న మాట వదలకండి. సుమ్మా మూడో భాగంలో ప్రాయశ్చిత్త సంస్కారం గురించిన చర్చ మధ్యలోనే ఆగిపోయింది. మూడు నెలలకు, లియోన్ మహాసభకు వెళుతూ దారిలో ఫొస్సనోవా మఠంలో మరణించాడు. రాసినది తగలబెట్టమని మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు.

కొల్లేటి_గాలి
వచ్చే ఆదివారం నేను అగస్టీన్ 43వ ప్రసంగంలోని ఆ వాక్యం రెండు సగాలూ, 1 పేతురు 3:15తో పాటు, ఒక కాగితం మీద రాసుకుని వెళతాను. పెద్దాయనను ఎదిరించడానికి కాదు, ఆయనతో కలిసి చదవడానికి. ఆ పూట ఏం జరిగిందో ఇక్కడే రాస్తాను.

గోదారి_పంతులమ్మ
ఆ వచనంలో "సాత్వికముతోను భయముతోను" అన్న మాటలను కూడా రాసుకుని వెళ్లు నాయనా.